కొరియా చదువు: పునాదికి ముందే లెక్క చూసుకుందాము



మన నెల్లూరు తీరములోని పట్టపుపాలెములలోను, రొయ్యల గుంటల పక్కనున్న ఊళ్లలోను ఈమధ్య ఒక కొత్త దేశము పేరు వినబడుతున్నది. ఒకప్పుడు ఇంట్లో పిల్లవాడు ఎదిగితే కువైట్ మాట వచ్చేది. తరువాత అమెరికా, ఆస్ట్రేలియా మాటలు వచ్చాయి. ఇప్పుడు ఇంటరు, డిగ్రీ చదువుతున్న పిల్లలు "కొరియా" అంటున్నారు. సెల్‌ఫోనులో వారి నాటకాలు చూసి, వారి పాటలు విని, ఆ భాషలో నాలుగు మాటలు కూడా నేర్చుకున్నారు. రోడ్డు మీద తిరిగే హ్యుందాయ్, కియా కార్లు, ఇంట్లోని శాంసంగ్ ఫోను, ఎల్‌జీ టీవీ ఆ దేశానివే. పిల్లలకు అది పరాయి దేశములాగా తోచడము లేదు.

తల్లిదండ్రులకు మాత్రము గుండెలో దడ. "అయ్యగారూ, మా వాడు కొరియా అంటున్నాడు. పంపొచ్చునా? గుంట అమ్మితే సరిపోతుందా?" అని ఆరాధన అయిన తరువాత మమ్మును అడిగినవారున్నారు. ఇటువంటి ప్రశ్నకు "ప్రార్థన చేయుము" అని ఒక్క మాట చెప్పి పంపివేయడము కాపరికి తగదు. ప్రార్థన చేయాలి, దానితోపాటు లెక్క కూడా చూడాలి. అందుకే మేము విచారించి తెలుసుకున్న సంగతులను మన కుటుంబాల కొరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

మనకంటె వెనుక మొదలై ముందుకు వెళ్లిన సంఘము

మన నెల్లూరు మిషను 1840లో శామ్యేల్ డే దొరగారితో మొదలైనదని పెద్దలకు తెలుసు. రామాయపట్నములో వేదాంత పాఠశాల 1872లో వెలిసినది. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణ ఆఫ్రికాలోని నేటాలుకు మిషనరీగా పంపాయి. కాబట్టి ఈ తీరమునుండి సముద్రము దాటి వెళ్లడము మనకు నిన్న మొన్నటి సంగతి కాదు.

కొరియాకు ప్రొటెస్టెంటు మిషనరీలు వెళ్లింది మనకంటె నలువది ఏండ్లకు పైగా తరువాత. వైద్యుడైన హోరేస్ ఆలెన్ 1884లో అక్కడ అడుగుపెట్టాడు. 1885లో ఈస్టరు ఆదివారము నాడు అండర్‌వుడ్, అపెన్‌జెల్లర్ అను ఇద్దరు యువకులు ఇంచాన్ రేవులో దిగారు. వారు మందిరములతోపాటు బడులు, ఆసుపత్రులు కట్టారు. నేడు మన పిల్లలు పేరు చెప్పి అడిగే విశ్వవిద్యాలయాలు కొన్ని ఆ విత్తనములనుండి మొలిచినవే.

1885లో ఆలెన్ మొదలుపెట్టిన ఆసుపత్రి, 1915లో అండర్‌వుడ్ స్థాపించిన కళాశాల కాలక్రమమున పెరిగి, 1957లో ఒకటిగా కలిసి యోన్సే విశ్వవిద్యాలయము అయినది. 1886లో మేరీ స్క్రాంటన్ అను మెథడిస్టు మిషనరీ ఒకే ఒక్క విద్యార్థినితో ఆడపిల్లల బడి పెట్టింది. ఆడది గడప దాటరాదు అనుకునే కాలమది. ఆ బడి నేడు ఈహ్వా మహిళా విశ్వవిద్యాలయము. ప్రపంచములోని పెద్ద మహిళా విశ్వవిద్యాలయాలలో అది ఒకటి. 1897లో ప్యాంగ్‌యాంగ్‌లో విలియం బెయిర్డ్ పెట్టిన సూంగ్సిల్ కళాశాల, జపాను ప్రభుత్వము తమ దేవాలయాలకు మ్రొక్కమని బలవంతము చేసినప్పుడు, మ్రొక్కడానికి ఒప్పుకొనక 1938లో తలుపులు మూసుకున్నది. 1954లో సియోలులో మరల తెరిచారు. దానియేలును, అతని ముగ్గురు స్నేహితులను సండే స్కూలులో నేర్చుకున్న మన పిల్లలు ఈ కళాశాల చరిత్రను కూడా తెలుసుకోవాలి.

ఎద్దు ఎముకల గోపురము

1945లో జపాను పాలన పోయేనాటికి కొరియాలో పెద్దవారిలో అత్యధికులకు చదవడము వ్రాయడము రాదు. 1950 నుండి 1953 వరకు జరిగిన యుద్ధము దేశాన్ని బూడిద చేసింది. ఆ యుద్ధ కాలమున మన దేశము కర్నల్ రంగరాజ్ నాయకత్వములో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు అను వైద్య దళాన్ని అక్కడికి పంపి, గాయపడినవారికి సేవ చేసింది. అంతటి బీద దేశము తరువాతి రెండు తరాలలో కర్మాగారాల దేశమైనది. దానికి కారణాలు అనేకము ఉన్నా, తల్లిదండ్రులు చదువు కొరకు పడిన పాట్లు అందులో ఒకటి.

1960, 70లలో పల్లెలలోని రైతులు పిల్లవాడి కాలేజీ ఫీజుకు దున్నే ఎద్దును, పాడి ఆవును అమ్మేవారు. అందువలన విశ్వవిద్యాలయానికి ఒక మారుపేరు పుట్టింది. ఆ భాషలో దాని అర్థము "ఎద్దు ఎముకల గోపురము". ఎంత చేదైన మాట! ఆ గోపురము ఎక్కినవాడు పైనుండి చూసేటప్పుడు తన కాళ్ల క్రింద ఏమున్నదో మరువకూడదు అని ఆ మాట హెచ్చరిస్తున్నది.

మన తీరములో ఎద్దులకు బదులు రొయ్యల గుంట, పడవ, ఇంటి స్థలము ఉన్నాయి. కొరియా రైతు ఎద్దును అమ్మింది తన దేశములోని కాలేజీకి. తాను వెళ్లి చూడగల చోటికి, తనకు తెలిసిన భాషలో చెప్పే చదువుకు. మనవారు అమ్మబోయేది కంటికి కనబడని చోటికి, భాష తెలియని చదువుకు. కాబట్టి మన లెక్క ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గోపురము మొదలుపెట్టి పునాది దగ్గరే ఆగిపోయిన మనిషిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము ఇటువంటి వేళకే.

వారు ఇప్పుడు ఎందుకు పిలుస్తున్నారు?

కొరియాలో పిల్లలు పుట్టడము బాగా తగ్గిపోయింది. 2023లో అక్కడ ఒక స్త్రీకి సగటున 0.72 బిడ్డ అన్న లెక్క తేలింది. సగటున ఒక్కో స్త్రీకి ఒక్క బిడ్డ కూడా లేదన్నమాట. దానివలన కాలేజీలలో సీట్లు ఖాళీ అవుతున్నాయి. ముఖ్యముగా సియోలుకు దూరముగా ఉన్న జిల్లాలలో ఈ ఇబ్బంది ఎక్కువ. అందుకే 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వము 2027 నాటికి 3 లక్షల మంది విదేశీ విద్యార్థులను రప్పించాలని పథకము ప్రకటించింది.

ఇందులో మంచి ఉన్నది, జాగ్రత్త పడవలసినదీ ఉన్నది. తలుపు తెరిచి ఉన్నది, అది మంచి. అయితే సీటు నింపుకోవడానికి మాత్రమే పిలిచే కాలేజీ కూడా ఉండవచ్చు. అందుచేత అక్కడి విద్యాశాఖ విదేశీ విద్యార్థులను సరిగా చూసుకునే విశ్వవిద్యాలయాలకు గుర్తింపు ఇస్తుంది. సరిగా లేనివాటికి వీసాలు కట్టడి చేసి వాటి జాబితాను ప్రకటిస్తుంది. మీ పిల్లవాడు చెప్పే కాలేజీ ఈ రెండు జాబితాలలో దేనిలో ఉన్నదో మొదట చూడండి. "స్టడీ ఇన్ కొరియా" అను ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు దొరుకుతాయి. మన ఊరి నెట్ సెంటరులో అరగంట కూర్చుంటే చాలు.

వెళ్లే దారులు

మాకు తెలిసినంతలో నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్. 1967 నుండి ఇస్తున్న ఈ సహాయాన్ని ఇప్పుడు గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ అంటున్నారు. ఇంటరు పూర్తి చేసిన, 25 ఏండ్లలోపు వయసు గల విద్యార్థి డిగ్రీకి దరఖాస్తు చేయవచ్చు. మార్కులు నూటికి 80 లేదా ఆపైన ఉండాలి. విమాన టిక్కెట్టు, ఫీజు, నెల నెలా ఖర్చులకు డబ్బు, ఆరోగ్య బీమా అన్నీ వారే ఇస్తారు. మొదటి సంవత్సరము భాష నేర్పుతారు, తరువాత నాలుగేండ్లు డిగ్రీ. డిగ్రీకి దరఖాస్తులు సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలోను, పీజీకి ఫిబ్రవరి, మార్చి నెలలలోను పిలుస్తారు. ఎంబసీ ద్వారా గాని, విశ్వవిద్యాలయము ద్వారా గాని పంపవచ్చు. మన దేశానికి వచ్చే స్థానాలు బహు కొద్ది, పోటీ చాలా ఎక్కువ. ఈ స్కాలర్‌షిప్‌ను ఏ ఏజెంటూ ఇప్పించలేడు. ఇప్పిస్తానన్నవాడు అబద్ధికుడు.

రెండవది ప్రొఫెసరు ప్రయోగశాల దారి. మన దేశమునుండి కొరియా వెళ్లి చదివేవారిలో సైన్సు, ఇంజినీరింగులలో ఎం.ఎస్., పి.హెచ్.డి. చేసేవారే ఎక్కువ. ఇక్కడ డిగ్రీ బాగా చదివి, తన పరిశోధనకు దగ్గరైన ప్రొఫెసరుకు స్వయముగా ఉత్తరము వ్రాసి, అతడు చేర్చుకుంటే ఫీజులో తగ్గింపు, ప్రయోగశాలలో పనికి జీతము లభిస్తాయి. పై చదువులలో ఇంగ్లీషులో చెప్పే తరగతులు కూడా ఎక్కువ. మన పిల్లలకు అన్నిటికంటె క్షేమమైన దారి ఇదేనని మా అభిప్రాయము.

మూడవది సొంత ఖర్చుతో డిగ్రీ. అక్కడి చదువు సంవత్సరము మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి మొదలవుతుంది. డిగ్రీ తరగతులు ఎక్కువగా కొరియా భాషలోనే ఉంటాయి. భాషకు టోపిక్ అను పరీక్ష ఉన్నది. దానిలో ఆరు మెట్లు. మూడవ మెట్టు దాటనివాడు తరగతిలో కూర్చున్నా చెవిటివానితో సమానమే.

నాలుగవది విశ్వవిద్యాలయములో భాష మాత్రమే నేర్చుకునే కోర్సు. ఒక్కో విడత 10 వారాలు, ఏడాదికి నాలుగు విడతలు. దీని వీసా వేరు, డిగ్రీ వీసా వేరు. ఏజెంట్లు ఎక్కువగా అమ్మేది ఈ నాలుగవ దారినే.

లెక్క

కొరియా డబ్బును వోన్ అంటారు. మన ఒక్క రూపాయికి సుమారు 16 వోన్లు వస్తాయి. అంటే లక్ష వోన్లు మన 6 వేల రూపాయలు. ఈ అంకెలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక ఉజ్జాయింపుగా చూడండి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఒక సెమిస్టరుకు సుమారు 20 నుండి 30 లక్షల వోన్లు, ప్రైవేటు వాటిలో దాదాపు దానికి రెట్టింపు. తిండికి, గదికి, ప్రయాణానికి ఊరిని బట్టి నెలకు 7 నుండి 10 లక్షల వోన్లు. ఇప్పుడు కూడండి. ప్రభుత్వ కాలేజీలో ఎనిమిది సెమిస్టర్లకు సుమారు 12 లక్షల రూపాయలు. నెలకు 8 లక్షల వోన్ల చొప్పున నాలుగేండ్ల బ్రతుకుతెరువుకు 23 లక్షల రూపాయలు. ముందుగా భాషకు ఒక ఏడాది పడితే దాని ఫీజు, ఖర్చు వేరు. మొత్తము 40 లక్షలు దాటుతుంది. ఇది కాక వీసాకు బ్యాంకులో నిలువ చూపాలి. డిగ్రీ విద్యార్థికి 2023లో దీనిని 2 కోట్ల వోన్లుగా నిర్ణయించారు. మన లెక్కలో సుమారు 12 లక్షలు. సియోలు పరిసరాలకు వెలుపల ఉన్న కాలేజీలకు కొంత తక్కువ.

"అక్కడ పని చేసుకుంటూ చదువుకోవచ్చు గదా?" అంటారు. చేయవచ్చు, కాని ఇమిగ్రేషను కార్యాలయపు అనుమతి ఉండాలి. భాష కోర్సుకు వెళ్లినవారికి మొదటి ఆరు నెలలు అనుమతి లేదు. గంటలకు హద్దు ఉన్నది. టోపిక్ మెట్టు తక్కువైతే గంటలు ఇంకా తక్కువ. 2025లో అక్కడ కనీస కూలి గంటకు 10,030 వోన్లు. వారానికి 10 గంటలు పని దొరికితే నెలకు 4 లక్షల వోన్లకు కొంచెము పైన. అది తిండికీ గదికీ సగము. ఫీజు మాట ఇక చెప్పనక్కరలేదు.

రొయ్యల సాగు చేసిన కుటుంబాలకు ఇది కొత్త పాఠము కాదు. 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగము వచ్చి టైగరు రొయ్య పోయినప్పుడు, పట్టుబడి రాకముందే లాభము లెక్కవేసుకున్నవారు ఏమయ్యారో మన తీరానికి తెలుసు.

ఒక ఇంటి సంగతి

మేమెరిగిన ఒక కుటుంబము ఉన్నది. తండ్రికి సొంత పడవ, ఇంజను, వలలు ఉండేవి. ఒక కన్సల్టెన్సీవారు వచ్చి, "ఆరు నెలలు భాష నేర్చుకుంటే చాలు, వెంటనే ఫ్యాక్టరీలో ఉద్యోగము, నెలకు లక్షన్నర" అన్నారు. తండ్రి పడవ అమ్మి, చాలనిదానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మొత్తము 8 లక్షలు కట్టాడు. పిల్లవాడు చలికాలములో అక్కడ దిగాడు. బ్యాంకు నిలువగా చూపిన డబ్బు కన్సల్టెన్సీవారిదే. దిగిన వారములోనే దానిని వెనక్కు తీసేసుకున్నారు. రెండవ నెలకే చేతిలో పైసా లేదు. అనుమతి లేకుండా రాత్రిపూట పనికి వెళ్లాడు, పగలు తరగతిలో నిద్రపోయాడు, హాజరు తగ్గింది. పదవ నెలలో వెనక్కు పంపించారు. ఇప్పుడు ఆ తండ్రి ఇతరుల పడవ మీద కూలికి వేటకు వెళ్తున్నాడు. పిల్లవాడు ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చుంటాడు. ఆ బిడ్డ దొంగతనము చేయలేదు, త్రాగలేదు. మోసపోయాడు, అంతే. అయినా సిగ్గు అతనికే మిగిలింది. ఇటువంటివారిని వేలెత్తి చూపకుండా భుజము తట్టవలసిన బాధ్యత సంఘానిది.

ఈ కుటుంబానికి ఎవరూ చెప్పని మాట ఒకటి ఉన్నది. కొరియాలో ఫ్యాక్టరీ పనులకు విదేశీ కూలీలను తీసుకునే ప్రభుత్వ పద్ధతి 2004లో మొదలైనది. నేపాలు, బంగ్లాదేశ్, శ్రీలంక వంటి దేశాలతో దానికి ఒప్పందాలున్నాయి. ఆ జాబితాలో మన దేశము లేదు. కాబట్టి "చదువు పేరుతో వెళ్లి ఫ్యాక్టరీలో చేరిపోవచ్చు" అన్న మాట చట్టము ముందు నిలువదు.

ఏజెంటును అడుగవలసిన ప్రశ్నలు

ఏ వీసా ఇప్పిస్తున్నారు, భాషదా, డిగ్రీదా? కాలేజీ పేరేమి? ప్రవేశ పత్రము నేరుగా విశ్వవిద్యాలయమునుండి వస్తుందా? ఫీజు వారి ఖాతాకు మేమే పంపవచ్చునా? మీ సేవకు ఎంత, దానికి రశీదు ఇస్తారా? వీసా రాకపోతే ఎంత తిరిగి ఇస్తారు? ఈ ఐదారు ప్రశ్నలకు వ్రాతలో జవాబు ఇవ్వనివానికి రూపాయి కూడా ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ వదలకండి.

కాగితాల పని కష్టమే గాని రహస్యమేమీ కాదు. మార్కుల జాబితాలను, డిగ్రీని మన రాష్ట్ర ప్రభుత్వము ద్వారా, తరువాత విదేశాంగ శాఖ ద్వారా ధ్రువీకరించి అపోస్టిల్ ముద్ర వేయించాలి. మన దేశమునుండి ఎక్కువ కాలము ఉండడానికి వెళ్లేవారు క్షయ రోగము లేదన్న పత్రమును కొరియావారు గుర్తించిన ఆసుపత్రిలో తీసుకోవాలి. అక్కడ దిగిన 90 రోజులలోగా పేరు నమోదు చేయించుకొని గుర్తింపు కార్డు పొందాలి. 2021 మార్చి నుండి విదేశీ విద్యార్థులు కూడా అక్కడి జాతీయ ఆరోగ్య బీమాలో తప్పక చేరాలి. నెల నెలా కట్టే ఆ సొమ్మును కూడా లెక్కలో వేసుకోండి. కొరియా కాన్సులేటు చెన్నైలో ఉన్నది. మనకు రైలులో కొద్ది గంటల ప్రయాణమే.

మన తీరపు పిల్లలకు తగిన చదువు

కొరియా అనగానే మన పిల్లలకు కంప్యూటర్లు, కార్లే గుర్తుకు వస్తాయి. మూడు వైపుల సముద్రము ఉన్న దేశమది. బూసాన్ అను రేవు పట్టణములో పుక్యోంగ్ జాతీయ విశ్వవిద్యాలయము ఉన్నది. 1941లో మత్స్య కళాశాలగా మొదలై, 1996లో మరియొక సాంకేతిక విశ్వవిద్యాలయముతో కలిసి ఈ రూపము దాల్చింది. చేపల పెంపకము, రోగాలు, సముద్ర శాస్త్రము, చేపలను నిలువచేసి ఎగుమతి చేయడము అక్కడి ముఖ్యమైన చదువులు. అదే పట్టణములో ఓడల చదువుకు 1945లో పుట్టిన సముద్ర విశ్వవిద్యాలయము వేరుగా ఉన్నది. ఆ దేశపు దక్షిణ తీరములో సముద్రపు నాచును, ఆల్చిప్పలను, చేపలను పెద్ద ఎత్తున పెంచుతారు.

మన ముత్తుకూరులో మత్స్య కళాశాల 1991 నుండి ఉన్నది. ఇంటరులో బైపీసీ చదివిన బిడ్డ ముందు ఇక్కడ డిగ్రీ చేసి, తరువాత పై చదువుకు అటువంటి చోటికి వెళ్తే, ఖర్చు తగ్గుతుంది, వయసు వస్తుంది, తెలివి స్థిరపడుతుంది. నీటిలో ఉప్పెంత, ఆమ్లజని ఎంత, రొయ్య మేత ఎందుకు వదిలింది అని చిన్ననాటినుండి గుంటగట్టు మీద విన్న పిల్లలకు ఈ చదువు పుస్తకాలతో మొదలు కాదు, ఇంటితోనే మొదలైనది. మా సంఘములో ఒక తల్లి తన కుమార్తెకు ఈ దారే పట్టించింది. ఆ అమ్మాయి స్కాలర్‌షిప్‌కు ఒకసారి వ్రాసింది, రాలేదు. గుంట అమ్మలేదు. ఇంటివద్దనే భాష నేర్చుకుంటూ మరల వ్రాయడానికి సిద్ధపడుతున్నది.

భాష నేర్చినవారికి తిరిగి వచ్చినా పని ఉండే అవకాశమున్నది. 2019లో పెనుకొండ దగ్గర కియా కర్మాగారము ప్రారంభమైనది. చెన్నై ప్రక్కన హ్యుందాయ్ 1990ల నుండి ఉన్నది. 2025 మే నెలలో శ్రీసిటీలో ఎల్‌జీవారి కర్మాగారానికి పునాది వేశారు.

అక్కడి బ్రతుకు

వారి లిపిని సెజోంగ్ అను రాజు 1443లో చేయించి, 1446లో ప్రజలకు ఇచ్చాడు. సామాన్యుడు కూడా చదువుకోవాలన్నది ఆయన తలంపు. మూల అక్షరాలు 24 మాత్రమే. మన అక్షరమాలలో సగము కూడా లేవు. వాక్యములో క్రియ మనకులాగే చివర వస్తుంది. "నేను అన్నము తింటాను" అనడానికి వారు "నానున్ పాబుల్ మొగోయో" అంటారు. నానున్ అంటే నేను, పాబుల్ అంటే అన్నమును, మొగోయో అంటే తింటాను. ఇంగ్లీషులో తలక్రిందులుగా ఆలోచించవలసిన మన పిల్లలకు ఈ వరుస తేలిక. పెద్దవారితో ఒక తీరున, చిన్నవారితో ఒక తీరున మాట్లాడడము కూడా మన "మీరు", "నువ్వు" వంటిదే. కొత్తవారిని కలిస్తే ముందు వయసు తెలుసుకుంటారు. ఏ మర్యాదతో పిలవాలో తెలియడానికే అది.

అన్నము తినే దేశమే గాని అన్నము జిగటగా ఉంటుంది. కిమ్చి అను కారపు ఊరగాయ పూట పూటకూ ఉంటుంది. అందులో ఉప్పు పట్టించిన చిన్న రొయ్యలు కూడా కలుపుతారు. రొయ్యపొట్టు రుచి ఎరిగిన మన పిల్లలకు అది పరాయిది కాదు. బూసాన్‌లోని జగల్చి చేపల బజారులో గంపల ముందు కూర్చొని బేరమాడేది ఎక్కువగా స్త్రీలే. వారిని చూస్తే మన పాలెపు అక్కలే గుర్తుకు వస్తారు. చలి మాత్రము మనము ఎరుగనిది. జనవరిలో సియోలులో సున్నకు పది డిగ్రీల క్రిందికి కూడా పోతుంది. మంచి కోటు కొనడానికి డబ్బు వేరుగా ఉంచండి.

కష్టమైనది ఒంటరితనము. అక్కడి గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు. మన ఇంట్లో రాత్రి భోజనము వేళకు అక్కడ బిడ్డకు అర్ధరాత్రి అవుతుంది. కాబట్టి ఫోను చేసే వేళను ముందే నిర్ణయించుకోండి. ఫోను చేసినప్పుడు మార్కులు, డబ్బు మాత్రమే అడుగకండి, తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. పని ముగిసిన తరువాత, తరగతి ముగిసిన తరువాత అందరూ కూడి త్రాగే అలవాటు అక్కడ ఉన్నది. పెద్దవాడు పోసిన గ్లాసును కాదనడము ఇబ్బందిగా ఉంటుంది. మొదటి రోజునే మర్యాదగా "నేను త్రాగను" అని చెప్పినవానికి రెండవ రోజు సులభము.

సంఘములు అక్కడ చాలా ఉన్నాయి. అనేక సంఘములలో తెల్లవారుజామున ఐదు గంటలకే ప్రార్థన కూటము జరుగుతుంది. పెద్ద మందిరములలో ఇంగ్లీషు ఆరాధన కూడా ఉంటుంది. అయితే ఉచితముగా భాష నేర్పుతామని విద్యార్థులను దగ్గర చేర్చుకొని, మెల్లగా ఇంటివారినుండి, స్నేహితులనుండి వేరుచేసే గుంపులు కూడా ఉన్నాయి. చదివే బోధను ఎవరికీ చెప్పవద్దు అన్నవారు కనబడితే అక్కడనుండి వచ్చేయమని మీ పిల్లలకు ముందే చెప్పండి.

తల్లిదండ్రులతో, యౌవనస్థులతో

తల్లిదండ్రులారా, బిడ్డ కోరికను పరిహాసము చేయకండి. పాటలు విని పుట్టిన కోరిక అయినా దానిలో ఒక మంచి ఉండవచ్చు. దానికి ఒక పరీక్ష పెట్టండి. "ఒక్క ఏడాది ఇక్కడే ఉండి భాషలో రెండు మెట్లు ఎక్కి చూపించు" అనండి. చెన్నైలో నేర్పే చోట్లు ఉన్నాయి, ఇంటర్నెట్టులో ఉచిత పాఠాలు ఉన్నాయి. ఏడాది పట్టుదలగా చదివిన బిడ్డను నమ్మి అడుగు వేయవచ్చు. మూడు నెలలకే మానివేస్తే మీ గుంట మీకు మిగిలినట్టే. ఆడపిల్ల అడిగినప్పుడు, ఆడపిల్ల గనుక వద్దు అని మాత్రము అనకండి. కొడుకుకు పెట్టిన పరీక్షనే కూతురికీ పెట్టండి. ఒక్క విద్యార్థినితో మొదలైన బడి ఏమైనదో పైన చదివారు గదా.

యౌవనస్థులారా, మీ తండ్రి చేతులు ఒకసారి చూడండి. వల లాగిన గీతలు, గుంటలో తేమకు చెడిన గోళ్లు ఉంటాయి. ఆ చేతులు సంతకము పెట్టబోయే కాగితములో ఎంత వ్రాసి ఉన్నదో మీరే చదివి ఆయనకు వినిపించండి. వీసా పేరేమిటో, ఎంత అప్పో, ఎన్నేండ్లలో తీరుతుందో ఒక తెల్ల కాగితము మీద వ్రాసి, ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి. ఆ కాగితాన్ని సంఘ పెద్దలకు గాని, లెక్క తెలిసిన బడి పంతులుగారికి గాని చూపండి. మా యొద్దకు తెచ్చినా మేము సంతోషముగా కలిసి చూస్తాము.

ఆ లెక్క నిలిస్తే వెళ్లండి, బాగా చదవండి, మన తీరానికి పనికివచ్చేది ఏదైనా నేర్చుకొని రండి. నిలవకపోతే మరియొక ఏడాది ఆగండి. ఆగడము ఓటమి కాదు. ఆటుపోట్లు ఎరిగిన మనవారు గాలి చూడకుండా పడవ దించరు.

దేవుడు మన బిడ్డలకు వివేకమును, మన ఇండ్లకు సమాధానమును అనుగ్రహించును గాక.